ముందు గీజర్ ఆపండి, తర్వాత మీ అక్క దగ్గరికి వెళ్ళండి

ప్రశ్న: మాది విజయనగరం. మావారు నెల్లిమర్లలో జూట్ మిల్లు ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఇంట్లో ఏది కారినా ప్లంబర్‌ని పిలవనివ్వరు, ఫోన్లో వీడియోలు చూసి తనే విప్పుతారు. మేడ మీద గీజర్ లైను కూడా ఆయనే వేశారు. అది గోడలో లీకై కింద అద్దెకున్నవాళ్ళ గది చెమ్మెక్కి పెచ్చులూడుతోంది. ఆయనకి చెప్పకుండా మా అక్క కొడుకుని పిలిచాను, వాడు ప్లంబరే. టైల్సు పగలగొట్టి రెండు రోజులు పనిచేసి కూలి అడిగితే, "సొంత చిన్నాన్ననే డబ్బులడుగుతావా, గొట్టాలు బిగించడం కూడా ఒక విద్యేనా" అని మావారు కేకలేశారు. వాడు సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు. అక్క ఫోన్ ఎత్తట్లేదు. ఏటా పైడితల్లమ్మ పండక్కి వాళ్ళు మా ఇంటికే వస్తారు. వాడు వెళ్ళాక గీజర్ దగ్గర చిన్న వాల్వ్ కారుతోందని మావారు దానికీ ప్లగ్ బిగించేశారు. ఈయన్ని ఎలా మాన్పించాలి?

జవాబు: అమ్మా, మీరు చివర్లో మామూలుగా రాసిన ఆ ఒక్క మాటే నన్ను భయపెట్టింది. ఈ ఉత్తరం చదవడం ఆపి ముందు గీజర్ స్విచ్ ఆపేయండి. నీళ్ళు వేడెక్కితే లోపల ఒత్తిడి పెరుగుతుంది, అది బయటికి పోవడానికే ఆ వాల్వ్ ఉంది, వేడెక్కేటప్పుడు అది కొద్దిగా కారడం మామూలే. దాన్ని మూసేశాక ఏదో ఒక రోజు, నీళ్ళు చాలినంత వేడెక్కగానే కరెంటు ఆపే థర్మోస్టాట్ పనిచేయకపోతే ట్యాంకు పగిలిపోయే ప్రమాదం ఉంది. ఆ ప్లగ్ తీయించి, తెలిసినవాళ్ళు చూసేదాకా ఎవరూ ఆ స్విచ్ వేయకూడదు. కింద చెమ్మెక్కిన గోడలో స్విచ్ బోర్డు గానీ వైర్లు గానీ ఉంటే అద్దెవాళ్ళకి ఈరోజే చెప్పి ఆ లైను కూడా ఆపించండి.

ఇక మీ అక్క కొడుకు సంగతి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు, వాడి కూలి ఇచ్చి తీరాలి. మీ ఇంట్లో రెండు రోజులు చేశాడంటే ఆ రెండు రోజులూ బయటి పని వదులుకున్నాడు, పైపులూ ఫిట్టింగులూ షాపులో తన ఖాతా మీద తెచ్చి ఉంటే ఆ అప్పు కూడా వాడి నెత్తి మీదే ఉంది. అయినవాళ్ళు కదా అని కొంత తగ్గించుకుంటే అది వాడి మంచితనం, మనం అడిగే హక్కు కాదు. ఇక విద్యేనా అన్నారే, విద్యే. ఐటీఐలో ప్లంబర్ ట్రేడ్ ఏడాది చదువు. మన పక్క ఒడిశాలో, పట్టాముండైలో, ప్రభుత్వం ప్లంబింగ్ నేర్పడానికే ఒక సంస్థ నడుపుతోంది, ఆ కేంద్రపడా జిల్లా నుంచి దేశంలోని పెద్ద ఊళ్ళన్నిటికీ వెళ్ళి ఈ పని మీదే ఇళ్ళు నిలబెట్టుకున్నవాళ్ళు ఎందరో. గోడ లోపల ఎక్కడ కారుతోందో కనిపెట్టడం, అవసరమైన టైలు వరకే పగలగొట్టడం, జాయింటు వేశాక ఒత్తిడి పెట్టి చూసి అప్పుడు గోడ మూయడం, ఇదంతా వీడియో చూస్తే చేతికి వచ్చేది కాదు.

కానీ మీవారిని పిసినారి అనో మూర్ఖుడనో నేను అనను. ఏళ్ళ తరబడి ఆయన చెయ్యి పడితే ఆగిన మిషను తిరిగింది, ఇప్పుడు ఇంట్లో ఒక కుళాయి కూడా ముట్టుకోవద్దంటే ఆ మనిషికి ఎలా ఉంటుందో ఆలోచించండి. పైగా మీరు ఆయనకి తెలియకుండా కుర్రాడిని పిలిచారు. ఆ కేకల్లో సగం ఆ కోపమే అనుకుంటున్నాను, అది వాడి మీద పడింది. ఈ సంగతి మీరే ముందు ఆయనతో ఒప్పుకోండి, "చెప్పకుండా పిలవడం నా తప్పే" అనండి. ఆయన కాస్త మెత్తబడ్డాకే మిగతాది.

అప్పుడు ఆయన పని భాషలోనే మాట్లాడండి. ఆయన ఎరిగిన ఇనుప పైపుకి మర మీద నార చుట్టి పానాతో బిగిస్తే నీళ్ళు ఆగేవి, కారినా కళ్ళెదుటే కారేది, ఇంకో చుట్టు బిగిస్తే సరిపోయేది. ఇప్పుడు వేడినీళ్ళకి వేసే సీపీవీసీ అనే ప్లాస్టిక్ పైపు బిగించేది కాదు, అంటించేది. దాని గమ్ము వేరు, మామూలు పీవీసీ గమ్ముతో అంటిస్తే వేడికి నిలవదు, అంటించాక ఆరనివ్వకుండా నీళ్ళు వదిలితే జాయింటు పోతుంది, ప్లాస్టిక్ మర ఉన్న చోట మిల్లులో అలవాటైన బలంతో తిప్పితే పగులుతుంది. గోడలో జరిగిన తప్పు నెలల తర్వాత కింద వాళ్ళ గదిలో బయటపడుతుంది. "మిల్లులో మీ మిషను మీద పుస్తకం చదివొచ్చిన కొత్తవాడు చెయ్యి వేస్తే ఊరుకునేవారా?" అని అడగండి. దెప్పుతున్నట్టు కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడగండి, ఆయన దగ్గర దానికి జవాబు ఉంటుంది.

పూర్తిగా మాన్పించాలని చూడకండి, చాటుగా చేస్తారు, అది ఇంకా ప్రమాదం. కంటికి కనిపించేవి ఆయనవి: కుళాయి వాషర్లు, ఫ్లష్ ట్యాంకులో ఫ్లోటు, ఉప్పు పట్టిన షవరు విప్పి కడగడం, ఏ వాల్వ్ కడితే ఎక్కడ నీళ్ళు ఆగుతాయో ఇంట్లో అందరికీ చూపించడం. గోడలోవి, వేడినీళ్ళవి, డ్రైనేజీ లైన్లు మాత్రం పనివాళ్ళవి. మీ అక్క కొడుకు మళ్ళీ వస్తే పక్కన నిలబడి చూడమనండి, ఆయన అడిగే ప్రశ్నలు ఫిట్టరు అడిగే ప్రశ్నల్లా ఉంటాయి, కుర్రాడికీ గౌరవంగానే అనిపిస్తుంది.

డబ్బు ఎవరు పట్టుకెళ్ళాలి అంటే, ఆయనే వెళ్ళి వాడి చేతికి ఇవ్వడం అన్నిటికన్నా మంచిది. ఈ వారంలో ఆయన కదలకపోతే మీరు ఒక్కరే వెళ్ళండి, కానీ ఆయనకి చెప్పి వెళ్ళండి, ఈసారి చాటు వద్దు. మొత్తం ఎంతయిందో వాడినే అడిగి అంతా ఇవ్వండి, మీ అక్క ముందే ఇవ్వండి. పైడితల్లమ్మ సిరిమానోత్సవం దసరా తర్వాతి మంగళవారం కదా, అందాకా ఆగకండి. పండగ దగ్గర పడ్డాక వెళ్తే పిలుపు కోసమే వచ్చారనుకుంటారు, బాకీ తీర్చడానికి వచ్చారని వాళ్ళకి తెలియాలి. పండగ మాట ఆ రోజు ఎత్తనే ఎత్తొద్దు.

కింద గోడకి మాత్రం ఇప్పుడే రంగు వేయించకండి, చెమ్మ పూర్తిగా ఆరాకే. అద్దెవాళ్ళకి ఆ సంగతి ముందే చెప్పండి.