సెయింట్ ఆండ్రూస్ వెళ్ళేముందు ఖర్చు లెక్క రాసుకో తమ్ముడూ

తమ్ముడూ, నీ ఉత్తరం మా ఆవిడకి కూడా చదివి వినిపించాను. "మీకు తోడు ఇంకొకడు తయారయ్యాడు" అంది. ఇంగ్లండ్‌లో రెడింగ్‌లో ఉద్యోగంలో చేరి ఆర్నెల్లు కాలేదు, అప్పుడే వచ్చే జూన్‌కి మీరు నలుగురూ కలిసి స్కాట్లండ్‌లో గోల్ఫ్ ఆడాలని, సెయింట్ ఆండ్రూస్, కార్నూస్టీ, నార్త్ బెరిక్, రాయల్ డోర్నాక్ అని కోర్సుల పేర్లు, అంటే గోల్ఫ్ మైదానాల పేర్లు, వరసపెట్టి రాసేశావు. గచ్చిబౌలిలో వీకెండ్ పొద్దున్నే బంతులు కొట్టే రోజుల నుంచీ ఉన్న కోరిక అన్నావు. కాదనను. నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకు, ఈ స్కాట్లండ్ వానల్లో తల నెరిసినవాణ్ణి, ఆమాత్రం చనువు ఇవ్వు.

ఆట స్థాయి చెప్పే హ్యాండిక్యాప్ అంకె ఎలా, బుకింగ్ ఎలా, ఏ నెల మంచిది, కిట్ హైదరాబాద్ నుంచి తెప్పించుకోవాలా అని అడిగావు. మొత్తం ఎంతవుతుంది అని మాత్రం ఎక్కడా అడగలేదు. కొత్తగా వచ్చినవాళ్ళందరికీ ఇదే జబ్బు. మొదటి జీతాలు పడగానే పౌండ్లు చెట్లకి కాస్తున్నట్టు ఉంటుంది.

చిన్న సంగతులు ముందే చెప్పేస్తాను. హ్యాండిక్యాప్ కావాలి. 2020 నుంచి ప్రపంచమంతా ఒకే పద్ధతి కాబట్టి హైదరాబాద్ క్లబ్బులో తీసుకున్నా ఇబ్బంది ఉండదు. ఎంతలోపు ఉండాలో, ఏ కాగితం చూపించాలో అక్కడి కోర్సులు నడిపే సెయింట్ ఆండ్రూస్ లింక్స్ ట్రస్ట్ వెబ్‌సైట్‌లో ఉంటుంది, మారుతూ ఉంటుంది కాబట్టి అక్కడే చూసుకో. నెల అంటావా, మే నెల గానీ సెప్టెంబర్ గానీ. జూన్‌లో రాత్రి పది దాకా వెలుతురు ఉంటుంది, నిజమే. హోటళ్ళవాళ్ళు ఆ వెలుతురుకి కూడా రేటు కట్టేస్తారు.

ఇక అసలు సంగతి. సెయింట్ ఆండ్రూస్‌లో ఓల్డ్ కోర్స్ మీద ఒక్క రౌండ్‌కి సీజన్‌లో గ్రీన్ ఫీజే, అంటే ఆడనిచ్చే రుసుమే, 300 పౌండ్లు దాటింది. మన డబ్బుల్లో ముప్ఫై వేలు ఎప్పుడో దాటిపోయింది. బ్యాగు మోసి, ఎటు కొట్టాలో చెప్పే క్యాడీని పెట్టుకుంటే టిప్పుతో కలిపి ఇంకో వంద పౌండ్లకి అటూ ఇటూ, అదీ నగదుగా చేతిలో పెట్టాలి. నీ వీసాకి కట్టిన హెల్త్ సర్‌చార్జి మనిషికి ఏడాదికి 1,035 పౌండ్లు కదా, కట్టేటప్పుడు ఎంత ఏడ్చి ఉంటావో నాకు తెలుసు. మీరు నలుగురూ కలిసి ఓల్డ్ కోర్స్ మీద ఒక్క పూట ఆడితే అంతకంటే ఎక్కువే పోతుంది. ఇంకా రైలు, హోటల్, తిండి, పోగొట్టుకునే బంతులు లెక్కలోకి రాలేదు.

నా సంగతి చెబుతాను విను. డండీలో ఎమ్మెస్సీ చేసి అక్కడే మొదటి ఉద్యోగం దొరికిన కొత్తలో నాకూ ఇదే పిచ్చి. టే నదికి ఇవతల నా గది, వంతెన దాటి బస్సులో పోతే సెయింట్ ఆండ్రూస్. చదువుకునే రోజుల్లో జేబులో ఏమీ లేక కోర్సుని కంచె అవతల నుంచి చూసి వచ్చేవాణ్ణి. జీతం పడేసరికి ఆగలేకపోయాను. ఒక ఆదివారం పొద్దున్నే అరువు తెచ్చుకున్న బ్యాగు భుజాన వేసుకుని 99 నంబరు బస్సు దిగాను. మొదటి టీ దగ్గరికి, అంటే మొదటి బంతి కొట్టే చోటికి, వెళితే గోల్ఫ్ ఆడేవాడు ఒక్కడు లేడు. పిల్లల్ని బళ్ళలో తోసుకెళ్ళే తల్లులు, కుక్కలు, కోర్సు మీదున్న స్విల్కన్ వంతెన మీద నిలబడి ఫొటోలు దిగేవాళ్ళు. ఓల్డ్ కోర్సుకి ఆదివారం సెలవని, ఆ రోజు అది ఊరి జనం షికారు చేసే చోటని నాకు తెలియదు. ముందు కనుక్కోవాలనే ఆలోచన కూడా రాలేదు. నా బ్యాగు చూసి ఒక పెద్దాయన నవ్వి, "ఆ పక్కనే హిమాలయాస్ ఉంది, వీలున్నప్పుడు అక్కడ ఆడు" అన్నాడు. ఇండియావాడినని ఎగతాళి చేస్తున్నాడనుకుని మొహం మాడ్చుకుని వచ్చేశాను. తర్వాత చూస్తే నిజంగానే ఉంది. ఎగుడుదిగుడు గుట్టలతో ఉన్న పటింగ్ గ్రీన్, అంటే బంతిని దొర్లించి రంధ్రంలో వేసే పచ్చిక, 1867లో ఆడవాళ్ళు పెట్టుకున్న క్లబ్బుది. ఎవరైనా కొద్ది పౌండ్లిచ్చి ఆడొచ్చు. మా పిల్లలకి ఓల్డ్ కోర్స్ కంటే అదే ఇష్టం. నాకు ఆ రేటు ఇష్టం.

అక్కడితో బుద్ధి రాలేదు. ఒక టూరు కంపెనీ తగిలింది, పేరెందుకులే. "గ్యారంటీగా టీ టైమ్ ఇప్పిస్తాం" అన్నారు, అంటే ఆట మొదలుపెట్టే సమయం. వాళ్ళు చెప్పిన హోటల్లో దిగాలి, వాళ్ళు చెప్పిన ఇంకో కోర్సు కూడా ఆడాలి, అన్నీ కలిపి కడితేనే ఓల్డ్ కోర్స్. అడ్వాన్స్ వెనక్కి రాదు. క్రెడిట్ కార్డు గీకేశాను. ఆ నెల నాన్నకి పంపాల్సిన డబ్బు సగమే పంపి, ఇక్కడ ట్యాక్స్ ఎక్కువ కోశారని అబద్ధం చెప్పాను. ఆయన పాపం నమ్మేశారు. "అక్కడ ప్రభుత్వాలు కూడా ఇంతేనా" అన్నారు.

అంత పోసి ఆడిన ఆట ఎలా సాగిందంటావా? కాస్త మిగుల్చుకుందామని క్యాడీని వద్దన్నాను. క్యాడీ లేకుండా కొత్తవాడికి అక్కడ ఎటు కొట్టాలో తెలియదు. 112 బంకర్లు, అంటే ఇసుక గుంటలు, ఉన్నాయి, చాలావరకు టీ మీద నిలబడితే కనిపించవు. ఏడు గ్రీన్లు జంట గ్రీన్లు, ఒకే పచ్చిక మీద రెండు హోల్స్, రెండు జెండాలు. నేను పక్క హోల్ జెండాకి గురిపెట్టి కొట్టాను, జీవితంలో అంత బాగా ఎప్పుడూ కొట్టలేదు. పోయిన ప్రతి బంతినీ రూపాయల్లోకి మార్చుకున్నాను. పసుపుపచ్చ పూలు పూసే ముళ్ళపొదలు ఉంటాయి, గార్స్ అంటారు, అందులోకి ఒక బంతి వెళితే చెయ్యి పెట్టి వెతికి రక్తం కార్చుకున్నాను. వెనక వచ్చేవాళ్ళు నడుం మీద చేతులేసుకుని నిలబడ్డారు. పదిహేడో హోల్‌లో టీ షాట్ హోటల్ మూల మీదుగా కొట్టాలి. గోల్ఫ్ తెలిసినవాళ్ళందరూ చచ్చేలోగా ఒక్కసారి కొట్టాలనుకునే షాట్ అది. అక్కడ నిలబడి నేను ఆలోచించింది, అద్దం పగిలితే బిల్లు ఎవరిది అని.

స్కోరు కార్డు ఎక్కడ పడిందో తెలియదు. క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్ మాత్రం ఇప్పటికీ ఫైల్లో ఉంది. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు ఇంటికొస్తే తీసి చూపిస్తాను.

ఆ అప్పు వడ్డీతో తీరాక ఆఫీసులో ఒక స్కాటిష్ సహోద్యోగి చెప్పాడు, బ్యాలట్ అని ఒకటుందని. ఆడదలచిన రోజుకి రెండు రోజుల ముందు, ఇద్దరి నుంచి నలుగురి దాకా జట్టుగా పేర్లు ఇస్తే లాటరీ తీస్తారు. పేరు ఇవ్వడానికి పైసా అక్కర్లేదు. వస్తేనే ఫీజు కట్టాలి, రాకపోతే ఏమీ పోదు. ఒంటరిగా వచ్చేవాళ్ళు ఒకప్పుడు పెవిలియన్ బయట రాత్రంతా చలిలో పడుకుని క్యూ కట్టేవాళ్ళు. 2024 నుంచి ముందురోజే స్వయంగా వెళ్ళి పేరు ఇస్తే డ్రాలో పెడుతున్నారు. మీరు నలుగురు కాబట్టి బ్యాలట్టే. ఊళ్ళో వరసగా నాలుగైదు రోజులు ఉండేలా వెళ్ళి, రోజూ పేర్లు వెయ్యండి. రాని రోజు పక్కనున్న న్యూ కోర్స్ ఆడండి. పేరుకే న్యూ, 1895 నాటిది, ఆ ఊరి పాతకాలపు గోల్ఫ్ ఆటగాడు ఓల్డ్ టామ్ మోరిస్ వేసింది. అదే ఇసుక, అదే గాలి, ఫీజు మాత్రం చాలా తక్కువ.

ఇంకో మాట. ఈ కోర్సులు రాజులవో కంపెనీలవో అనుకుంటారు మనవాళ్ళు. కాదు. ఊరి ఉమ్మడి నేల అది, 1974లో పార్లమెంటు చట్టం చేసి ట్రస్టుకి అప్పగించింది. అంతకుముందు, 1797లో, టౌన్ కౌన్సిల్ దివాలా తీసి ఈ నేలని అమ్ముకుంది. కొన్నవాళ్ళు కుందేళ్ళు పెంచుకున్నారు. గోల్ఫ్ ఆడేవాళ్ళకీ కుందేళ్ళ వ్యాపారులకీ ఏళ్ళ తరబడి కోర్టు గొడవలు. 1821లో జేమ్స్ చీప్ అనే భూస్వామి కొని ఆటని నిలబెట్టాడు. లెక్కలు చూసుకోకపోతే ఊరికి ఊరే మైదానం పోగొట్టుకుంది, నువ్వూ నేనూ ఎంత!

ఇప్పుడు నేనెలా ఆడతానో చెబుతాను. ఇల్లు ఎడిన్‌బరాకి మారాక గోల్ఫుకి వేరే ఖాతా తెరిచాను. జీతం పడగానే కొంత అందులోకి వెళుతుంది, అది నిండితేనే పెద్ద కోర్సు. ఇంటి ఖాతా ముట్టుకోను. మా ఆవిడ దానికి "సవతి ఖాతా" అని పేరు పెట్టింది. మిగతా రోజుల్లో ఊళ్ళోనే బ్రంట్స్‌ఫీల్డ్ లింక్స్‌లో చిన్న హోల్స్ కోర్సు ఉంది, ఉచితం. కొంచెం దూరం పోతే మసల్‌బరా. గుర్రప్పందేల ట్రాక్ మధ్యలో తొమ్మిది హోల్స్, అక్కడ 1672లోనే గోల్ఫ్ ఆడినట్టు రాతలున్నాయి, ఓపెన్ అనే పెద్ద గోల్ఫ్ పోటీ 6 సార్లు జరిగింది. అలాంటి నేల మీద అంత తక్కువ డబ్బుతో ఆడుతున్నామని మనవాళ్ళలో చాలామందికి తెలియదు. ఎందుకంటే టీవీలో రాదు.

లింక్స్ అంటే అసలేమిటి? మన కోస్తాలో సరుగుడు తోటలు వేసే ఇసుక నేల లాంటిదే, చెట్లు మాత్రం ఉండవు. సాగుకి పనికిరాక గొర్రెలకీ కుందేళ్ళకీ వదిలేసిన జాగా. వాన నీరు వెంటనే ఇంకిపోతుంది, నేల గట్టిగా ఉంటుంది, బంతి పడ్డాక చాలాదూరం దొర్లుతుంది. పైకి లేపి కొడితే గాలి తీసుకుపోతుంది, కిందుగా కొట్టి దొర్లించడం నేర్చుకోవాలి. అది నేర్చుకోడానికి 300 పౌండ్ల కోర్సు అక్కర్లేదు. సెయింట్ ఆండ్రూస్ ఉన్న ఫైఫ్ తీరం వెంబడి లీవెన్, ఈలీ, క్రేల్ ఉన్నాయి. లీవెన్‌కి 2024లో రైలు మళ్ళీ వచ్చింది, కారు అద్దె మిగులుతుంది. ఈలీలో మొదటి టీ ముందు గుట్ట అడ్డం, అవతల మనుషులున్నారో లేదో చూడ్డానికి ఆట మొదలుపెట్టించే స్టార్టర్ గదిలో జలాంతర్గామి నుంచి తీసిన పెరిస్కోప్ పెట్టారు. క్రేల్ క్లబ్బు 1786 నాటిది, సముద్రం చాలా హోల్స్‌లో కళ్ళ ముందే ఉంటుంది. నా మాట విని ముందు ఈ ఏడాది అక్కడ ఆడు, ఓల్డ్ కోర్స్ వచ్చే ఏడాదికి పెట్టుకో. అప్పటికి బంతులు పోగొట్టుకోవడం కాస్త తగ్గుతుంది. మరీ ఆగలేకపోతే చలికాలంలో పో, రేటు బాగా తగ్గుతుంది. ఫెయిర్‌వే మీద, అంటే గ్రీన్ దాకా ఉండే పచ్చిక దారి మీద, చిన్న చాప వేసుకుని దాని మీంచి కొట్టాలి, అంతే. మనవాళ్ళు ఫొటోలో చాప కనిపిస్తుందని వద్దంటారు. కెమెరా కొంచెం పైకి పట్టుకుంటే సరి.

కార్నూస్టీ సంగతి. 1999 ఓపెన్‌లో జాన్ వాన్ డ వెల్డ్ అనే ఫ్రెంచివాడు చివరి హోల్‌ని ఆరు షాట్లలో ముగించినా గెలిచేవాడు. దూరం కొట్టబోయి, చివరికి ప్యాంటు మడుచుకుని బారీ బర్న్ వాగులో దిగాడు. ఏడయ్యాయి, స్కోర్లు సమమై ప్లేఆఫ్‌లో పాల్ లారీ గెలిచాడు. మీరు నలుగురూ ఆ వాగు మీద ఫొటో దిగడానికి పెద్ద కోర్సు ఫీజు కట్టేముందు, అక్కడే బర్న్‌సైడ్ అనే ఇంకో కోర్సు ఉందని గుర్తుంచుకోండి. దాని రేటు చూశాక మాట్లాడుకుందాం.

రాయల్ డోర్నాక్ బాగుంటుంది, గొప్పగా ఉంటుంది, కానీ ఇన్వర్నెస్ దాటి ఇంకా పైకి పోవాలి. పెట్రోలు, రెండు రాత్రుల గది, సెలవులు. అంతదూరం ఎలాగూ పోతే ఇంకొంచెం పైకి బ్రోరా ఉంది. కోర్సు మీద గొర్రెలు మేస్తుంటాయి, అవి గ్రీన్ల మీదకి ఎక్కకుండా చుట్టూ కరెంటు తీగ. డోర్నాక్‌లో ఒక రౌండ్ తగ్గించుకుని బ్రోరాలో ఒకటి ఆడితే ఎంత మిగులుతుందో లెక్కేసుకో.

ఐర్లండ్ కూడా కలుపుకుంటే ఎలా ఉంటుందని చివర్లో ఒక ముక్క రాశావు. నాకూ ఆ కల ఇంకా తీరలేదు, బ్యాలీబనియన్ కోసం సవతి ఖాతాలో కూడబెడుతున్నాను. ఒక్కటి గుర్తుంచుకో. రాయల్ పోర్ట్రష్, రాయల్ కౌంటీ డౌన్ ఉన్నది నార్తర్న్ ఐర్లండ్‌లో, నీ యూకే వీసా చాలు. బ్యాలీబనియన్, లహించ్ ఉన్నది రిపబ్లిక్‌లో, ఇండియన్ పాస్‌పోర్టుకి వేరే వీసా కావాలి. రోడ్డు మీద సరిహద్దు దగ్గర ఎవరూ ఆపరు కదా అని దాటేవాళ్ళని చూశాను. ఆ తెలివి చూపించకు. పౌరసత్వం దాకా పోవాల్సిన ఫైలు నీది, దాని ఖర్చు ఏ గ్రీన్ ఫీజు కంటే కూడా పెద్దది.

కిట్ హైదరాబాద్ నుంచి తెప్పించుకోకు. విమానంలో బ్యాగుకి కట్టే డబ్బులకి ఇక్కడ వాడిన కర్రల సగం సెట్టు వస్తుంది, నడిచే ఆటకి సగం సెట్టే హాయి. ఇక్కడ లింక్స్ మీద ఎక్కి తిరిగే బగ్గీ బండ్లు పెద్దగా ఇవ్వరు. బంతులు కూడా వాడినవే, సంచుల లెక్కన అమ్ముతారు. డబ్బు పెట్టాల్సింది వానకోటు మీద, ప్యాంటుతో సహా, మంచిది కొను. నేను మొదట్లో చవకది కొని మూడో హోల్ కల్లా లోపలి బనీను దాకా తడిశాను, జ్వరం వచ్చి వారం జీతం పోయింది. అందుకని ఆ ఒక్కదాని దగ్గర పిసినారితనం చెయ్యకు. జనవరిలో సేల్ పెడతారు, అప్పుడే కొను.