కొమ్ము పురుగు, గుత్తి సాలీడు: కనిపిస్తే చంపాలా?

కొబ్బరి తోటలో దొరికే కొమ్ము పురుగు, నల్లమలలో ఉండే నీలం టరాంటులా (గుత్తి సాలీడు అనే పెద్ద సాలీడు), ఈ రెండిట్లో ఏది ప్రమాదం, కనిపిస్తే చంపెయ్యాలా అని అడిగారు. మాది కోనసీమ, ఉద్యోగం నంద్యాలలో. రెండిటినీ దగ్గర నుంచి చూశాను కాబట్టి చెబుతున్నానండి: పురుగును వదలొద్దు, సాలీడు జోలికి వెళ్లొద్దు.

కొమ్ము పురుగు మనిషినేమీ చేయదు. చేత్తో పట్టుకుంటే ముళ్ల కాళ్లతో గీరుతుంది, అంతే. మగదానికి కొమ్ము పొడుగు. ఆడదానికి వెనక చివర ఎర్రటి నూగు ఒత్తుగా ఉంటుంది. దాని దెబ్బంతా చెట్టు మీదే. రాత్రిళ్లు మొవ్వలోకి, అంటే చెట్టు తల నడుమ ఉండే లేత చిగురులోకి, తొలుచుకుపోయి ఇంకా విచ్చుకోని ఆకును కొరికేస్తుంది. ఆ ఆకు విచ్చుకున్నాక కత్తెరతో కోసినట్టు ఉంటుంది. మొవ్వ దగ్గర నమిలిన పిప్పి కనబడితే పురుగు లోపలే ఉందన్నమాట. మా నాన్నగారు కొక్కెం ఉన్న ఇనప చువ్వతో లాగించేవారు. లేత మొక్కకి మొవ్వ పోతే మొక్కే పోతుంది. పైగా ఆ రంధ్రాల్లోకి ఎర్రముక్కు పురుగు చేరితే కాపు కాసే చెట్టుకూ గండమే.

అసలు చూడాల్సింది పెంటకుప్ప. గుడ్లు పెట్టేది, తెల్లటి లావు పిల్ల పురుగులు పెరిగేది అక్కడా, కుళ్లిన కొబ్బరి మొద్దుల్లోనూ. కుప్ప తిరగేసి ఏరెయ్యండి, ఆ పురుగుల్ని చంపే మెటారైజియం అనే శిలీంధ్రం కలపండి. మొవ్వ చుట్టూ మట్టల మొదళ్లలో వేపపిండి, ఇసుక కలిపి వెయ్యండి.

సాలీడు సంగతి వేరు. 1899లో పోకాక్ అనే బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త దీన్ని గుత్తిలో దొరికిన నమూనాతో లోకానికి పరిచయం చేశాడు. మళ్లీ కనబడింది 2001లో, నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో. ఉండే చోటు 100 చదరపు కిలోమీటర్లు కూడా లేదు. పాత చెట్ల తొర్రల్లోనే బతుకుతుంది కాబట్టి కట్టెల కోసం చెట్టు కొడితే దానికి ఇల్లు లేనట్టే. కొమ్ము పురుగు గుడ్డు నుంచి పెద్దదవడానికి సుమారు ఆరు నెలలు చాలు. ఆడ సాలీడు పదేళ్లకు పైగా బతుకుతుంది, ఒక్కటి పోయినా లోటు పూడడానికి ఏళ్లు పడుతుంది.

అటవీ సిబ్బందితో రాత్రి నడుస్తుంటే టార్చి వెలుగులో తొర్ర అంచున కాళ్లు కనిపించాయి. ముదురు నీలం, మధ్యమధ్య పసుపు పట్టీలు. వెలుగు సూటిగా పడగానే లోపలికి మాయం! ఎంత అందమో మాటల్లో చెప్పలేను. అది రంగు పదార్థం కాదు, వెంట్రుకల సూక్ష్మ నిర్మాణం మీద వెలుతురు పడి పుట్టే నీలం.

కరిస్తే విపరీతమైన నొప్పి, కండరాలు పట్టేస్తాయి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అయితే దాని కాటుకు మనిషి చనిపోయిన దాఖలా లేదు, అది ముందు పారిపోవాలనే చూస్తుంది. పెంచుకునేవాళ్ల కోసం దీన్ని పట్టి అమ్మేవాళ్లు ఉన్నారు. అందుకే కనిపిస్తే ఫొటో తీసుకుని అటవీ శాఖకు చెప్పండి, ఆ చెట్టు ఎక్కడుందో మాత్రం ఫేస్‌బుక్‌లో పెట్టకండి.