అల్లుడికి, చెన్నై మ్యాచ్‌కి బయలుదేరే ముందు

చిత్తూరు,
గురువారం

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

మొన్న ఆదివారం మీ ఇంటి మేడ మీద జరిగిన గొడవ ఇంకా నా మనసులోంచి పోలేదు. మన హాకీ జట్టు మాజీ కోచ్ గ్రాహం రీడ్ పేరుతో మొదలైంది. "ఒలింపిక్ మెడల్ తెచ్చిన కోచ్" అని నువ్వు, "సొంత గడ్డ మీద వరల్డ్ కప్ పోగొట్టిన కోచ్" అని నీ స్నేహితుడు, ఆ బైరాగిపట్టెడ కుర్రాడు. మధ్యలో ఒడిశాలోని రూర్కెలా స్టేడియం గొప్పదా, చెన్నై స్టేడియం గొప్పదా అని ఇంకో వాదన. చివరికి "టీవీలో చూసినవాడివి, నీకేం తెలుసు" అని అతను, "నువ్వు సెల్ఫీల కోసం పోయినవాడివి" అని నువ్వు. ఆ అబ్బాయి టీ కూడా తాగకుండా బండి తీసుకుని వెళ్లిపోయాడు. "మామా, నువ్వే చెప్పు" అని నువ్వు నావైపు తిరిగావు. నేను నోరు తెరవలేదు. నలుగురిలో ఒకరి పక్షం మాట్లాడితే రెండోవాడు మళ్లీ ఆ మేడ మెట్లు ఎక్కడని భయపడ్డాను. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నీకు తెలుసు, ముప్పై ఏళ్లు హైస్కూళ్లలో డ్రిల్లు మాస్టారుగా చేశాను. ఎర్రమట్టి గ్రౌండులో, ఉన్న ఆరు స్టిక్కులతో పదహారు మంది పిల్లలకు హాకీ నేర్పాను. కోచ్ అనే పదానికి నేను చాలా చిన్నవాడిని. కానీ గెలిచినప్పుడు భుజం తట్టిన చెయ్యి ఓడినప్పుడు ఎలా వేలు చూపిస్తుందో నాకు తెలుసు. ఇంకొకటి కూడా తెలుసు. అలా వేలు చూపించినవాళ్లలో ఒకప్పుడు నేనూ ఉన్నాను. అది ముందు చెప్తాను.

2007 సెప్టెంబరులో చెన్నైలో ఆసియా కప్ ఫైనల్. నేను, మా స్కూల్లో లెక్కలు చెప్పే మాస్టారు, ఇద్దరం కలిసి వెళ్లాం. ఎగ్మోర్‌లో మేయర్ రాధాకృష్ణన్ స్టేడియం. మనవాళ్లు కొరియాను 7-2తో ఓడించారు. ఆ రాత్రి కోచ్ జోక్విమ్ కార్వాలోను నేను పొగిడినట్టు ఇంకెవరూ పొగిడి ఉండరు. తిరుగు ప్రయాణంలో బస్సులో నిద్రపోతున్నవాళ్లు లేచి మరీ మమ్మల్ని కసిరారు. సరిగ్గా ఆరు నెలలు. 2008 మార్చిలో చిలీ రాజధాని శాంటియాగోలో ఒలింపిక్ అర్హత టోర్నీ ఫైనల్. గ్రేట్ బ్రిటన్ చేతిలో 0-2. 1928 నుంచి ఒలింపిక్స్‌లో హాకీ ఆడుతూ వచ్చిన మనకు తొలిసారి చోటు దక్కలేదు. కార్వాలో రాజీనామా చేశాడు. మర్నాడు స్టాఫ్ రూములో నేను ఆయన్ని అనరాని మాటలు అన్నాను. దేశం తరఫున ఆడిన మనిషిని పట్టుకుని హాకీయే తెలియదన్నాను. లెక్కల మాస్టారు అంతా విని ఒకే మాట అన్నాడు: "అప్పుడూ నువ్వు స్కోరే చూశావు, ఇప్పుడూ స్కోరే చూస్తున్నావు." నాకు రోషం వచ్చింది. ఆ తర్వాత రెండేళ్లు ఆయనతో మాట్లాడలేదు. ఒకే స్టాఫ్ రూములో, ఎదురెదురు కుర్చీల్లో, రెండేళ్లు. ఆయనకు మదనపల్లె ట్రాన్స్‌ఫర్ వచ్చి, వీడ్కోలు సభ రోజున నేనే పోయి చేతులు పట్టుకున్నాను. ఆ రెండేళ్లు నాకు తిరిగి రావు, అల్లుడూ. నీకు మాత్రం ఆ గతి పట్టకూడదు.

ఆయన చెప్పింది ఎంత నిజమో తర్వాత మెల్లగా అర్థమైంది. ఆ ఆసియా కప్‌లోనే శ్రీలంక మీద మనం 20 గోల్స్ కొట్టాం. అలాంటి స్కోర్లు చూసి కోచ్‌ని నెత్తికి ఎత్తుకున్నాను. ఒక్క మ్యాచ్ పోయేసరికి నేలకేసి కొట్టాను. గ్రౌండులో కూర్చుని కూడా నేను బంతినే చూస్తూ వచ్చాను. కోచ్ చేసే పని బంతి ఉన్నచోట తక్కువగా, బంతి లేనిచోట ఎక్కువగా కనిపిస్తుంది. టీవీ కెమెరా బంతి చుట్టూ ఉన్న కాస్త మేరే చూపిస్తుంది. స్టేడియానికి డబ్బులు పెట్టి వెళ్లేది మిగతాది చూడటానికి.

అందుకే చెన్నైలో ఈసారి మ్యాచ్ ఎలా చూడాలో చెప్తాను. టికెట్ తీసేటప్పుడు సైడ్‌లైన్ దగ్గర ముందు వరస కోసం ఎగబడొద్దు. అక్కడ వేగం కనిపిస్తుంది, బంతి తగిలిన చప్పుడు ఛాతీలో వినిపిస్తుంది, కాదనను. కానీ ఆట ఆకారం కనపడదు. గోల్ వెనక, వీలైనంత పై వరసలో కూర్చో. అక్కడి నుంచి పదకొండు మందీ ఒకే చూపులో వస్తారు. అవతలి జట్టు తన గోల్ దగ్గర బంతి పెట్టుకుని ఆట మొదలుపెట్టేటప్పుడు బంతిని వదిలేసి మన ఫార్వర్డ్స్‌ని చూడు. పైకి వెళ్లి మీద పడుతున్నారా, సగం గ్రౌండు వదిలేసి వెనక్కి వచ్చి గోడ కడుతున్నారా? ఆ నిర్ణయం కోచ్‌ది. మొదటి క్వార్టర్‌లో ఒకలా, మూడో క్వార్టర్‌లో ఇంకోలా ఉంటే, మధ్యలో బెంచీ దగ్గర ఏదో మాట నడిచిందని అర్థం.

హాకీలో ఎన్నిసార్లయినా ఆటగాళ్లను మార్చుకోవచ్చు కదా. ఫార్వర్డ్స్ కొన్ని నిమిషాలకే బయటికి వస్తుంటారు, లోపలికి పోతుంటారు. ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకో. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఆఖరి క్వార్టర్‌లో ఎవరిని నిలబెట్టారు అని రాసుకో. ఆఖరి పదిహేను నిమిషాల్లో మనవాళ్ల కాళ్లు కదలకపోతే దాని గురించి కోచ్‌ని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న అది. గోల్ దగ్గర అవతలివాళ్లు తప్పు చేస్తే మనకు దొరికే పెనాల్టీ కార్నర్ దగ్గర కూడా అంతే. బంతి తోసేవాడు ఒకడు, ఆపేవాడు ఒకడు, బంతిని స్టిక్‌తో లాగి గోల్‌లోకి విసిరే డ్రాగ్ ఫ్లిక్ కొట్టేవాడు ఒకడు. ఆపేవాడి స్టిక్ కింద నుంచి బంతి జారితే అది ఆటగాడి తప్పు. అవతలి జట్టు రషర్ పరిగెత్తుకొచ్చి ప్రతిసారీ అడ్డుకుంటున్నా మళ్లీ మళ్లీ అదే ఎత్తు వేస్తుంటే అది కోచ్ ఖాతా. తప్పు చేసినవాడికి గ్రీన్ కార్డ్ పడి రెండు నిమిషాలు పది మందితో ఆడుతున్నప్పుడు ఎవరు ఎవరి చోటు నింపారో చూడు. తయారైన జట్టు, తయారుకాని జట్టు అప్పుడే తెలిసిపోతాయి.

మ్యాచ్‌కి ముప్పావుగంట ముందే సీట్లో ఉండు. టర్ఫ్‌కి నీళ్లు కొడతారు. ఆ నీలం రంగు మీద తడి మెరుస్తుంటే, బంతి పోయే దారంతా తుంపర లేస్తుంటే చూడటం నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. మట్టి గ్రౌండులో దుమ్ము మింగి ఆడినవాడిని కదా. కానీ నిన్ను ముందు రమ్మనేది దానికోసం కాదు. వార్మప్‌లో ఎవరు ఎవరితో ఏ పని చేస్తున్నారో చూస్తే, ఆ రోజు కోచ్ మనసులో ఏముందో సగం తెలుస్తుంది.

ఇక రీడ్ సంగతి. నా అభిప్రాయం దాచను. ఆయన్ని నేను మెచ్చుకుంటాను. 2019 ఏప్రిల్‌లో వచ్చాడు. అంతకుముందు పదేళ్లలో బ్రాసా, నాబ్స్, వాల్ష్, వాన్ ఆస్, ఓల్ట్‌మన్స్, మరీన్, హరేంద్ర సింగ్, ఇంతమంది కోచ్‌లు వచ్చి వెళ్లారు. వాన్ ఆస్ అయితే ఏడాది కూడా లేడు. కుండలో నీళ్లు కుదుటపడేలోపే మళ్లీ కలిపేసినట్టు అయింది. రీడ్‌కి నాలుగేళ్లకు దగ్గరగా సమయం దొరికింది, దాన్ని వాడుకున్నాడు. టోక్యో ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియా చేతిలో 1-7తో చిత్తయిన జట్టు, కాంస్యం కోసం జర్మనీతో ఆడుతూ 1-3తో వెనకబడి కూడా 5-4తో గెలిచింది. 41 ఏళ్ల తర్వాత వచ్చిన పతకం అది. 1-7 తర్వాత జట్టు ముక్కలు కాకుండా నిలబెట్టడం ఎంత కష్టమో, జోనల్ మీట్‌లో 0-5తో ఓడిన పిల్లల్ని మర్నాడు పొద్దున మళ్లీ గ్రౌండుకి తెచ్చినవాడిగా నాకు తెలుసు.

అలాగని 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ ఫైనల్లో ఆస్ట్రేలియాతో 0-7ని నేను సమర్థించలేను. అక్కడ నీ మాట కంటే నీ స్నేహితుడి మాటే బరువైనది.

అసలు ఆ కుర్రాడిని నువ్వు ఒక ముఖ్యమైన ప్రశ్న అడగలేదు. ఆ వరల్డ్ కప్‌లోనే, 2023 జనవరి 13న రూర్కెలాలో మనం స్పెయిన్‌ని 2-0తో గెలిచిన మ్యాచ్ అతను కళ్లారా చూశాడు. గెలిచిన మ్యాచ్ చూసినవాడికి కోచ్ మీద ఎందుకంత కోపం? సోమవారం అన్నమయ్య సర్కిల్ దగ్గర కనిపిస్తే నేనే అడిగాను. "రెండు గోల్సూ హాఫ్ టైమ్‌కి ముందే వచ్చాయి సార్. తర్వాత పెనాల్టీ స్ట్రోక్ దొరికినా గోల్ కాలేదు. పక్కన జనమంతా ఎగురుతున్నారు, నాకు మాత్రం టెన్షన్‌గానే ఉంది" అన్నాడు. తొమ్మిది రోజుల తర్వాత భువనేశ్వర్‌లో న్యూజిలాండ్ మీద మనం 3-1తో ముందుండి, 3-3 చేసుకుని, షూటౌట్‌లో ఓడి వరల్డ్ కప్ నుంచి బయటికొచ్చాం. ఆ కుర్రాడు స్కోరు వెనక ఉన్నది చూశాడు అల్లుడూ. చెప్పడం చేతకాక అరిచాడు.

నీ వైపు కూడా న్యాయం ఉంది. ఇంగ్లండ్ మ్యాచ్‌లో హార్దిక్ సింగ్‌కి తొడ కండరం పట్టేసి టోర్నీకి దూరమయ్యాడు. మిడ్‌ఫీల్డ్‌లో అలాంటివాడు లేని లోటు ఏ కోచ్ అయినా వారంలో పూడ్చలేడు. ఆ ఓటమి తర్వాత రీడ్ ఈ జట్టుకి మానసికంగా తయారుచేసే మనిషి కావాలన్నాడు. చాలామందికి అది సాకులా వినిపించింది. అదే ఏడాది కొత్త కోచ్ క్రెయిగ్ ఫుల్టన్ ఉండగా ప్యాడీ ఆప్టన్‌ని ఆ పనికే తెచ్చారు. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం, పారిస్ ఒలింపిక్స్‌లో మళ్లీ కాంస్యం వచ్చాయి. ఆ పంటలో రీడ్ వేసిన విత్తనం కూడా ఉందని నేను నమ్ముతాను. నువ్వు ఇది చెప్పి ఉంటే ఆ అబ్బాయి వినేవాడు. నువ్వు "మెడల్, మెడల్" అని తప్ప ఇంకోటి చెప్పలేదు.

కోచ్‌ని తూచేటప్పుడు ఆడించనివాళ్లను కూడా గుర్తుపెట్టుకో. మన ఎర్రావారిపాళెం మండలం పల్లెలో పుట్టిన ఇ. రజనిని చూడు. 2018 ఆసియా క్రీడల్లో రజతం గెలిచిన మన మహిళల జట్టులో గోల్‌కీపర్. 2024 జనవరిలో మస్కట్‌లో, జట్టుకి ఐదుగురే ఆడే హాకీ ఫైవ్స్ ప్రపంచకప్‌లో రజతం గెలిచిన జట్టుకి కెప్టెన్. కానీ పెద్ద టోర్నీల్లో గోల్ ముందు ఎక్కువగా ఇంకో గోల్‌కీపర్ సవితే నిలబడింది. మన ఊరి అమ్మాయిని ఆడించలేదని నాకూ బాధగా ఉండేది. తర్వాత సవిత ఆట చూసి, ఆ కోచ్ స్థానంలో నేనున్నా ఆమెనే పంపేవాడినని ఒప్పుకున్నాను. కానీ రోజూ ప్రాక్టీసులో సవితకి పోటీగా నిలబడి ఆమెను పదునుపెట్టిన చెయ్యి కూడా ఒకటి ఉంటుంది. అది ఏ స్కోరుబోర్డు మీదా కనపడదు.

స్టేడియాల గొడవ సంగతి. రూర్కెలా బిర్సా ముండా స్టేడియంలో 20,000 పైన సీట్లు. అందరికీ కుర్చీలున్న హాకీ స్టేడియాల్లో ప్రపంచంలోనే పెద్దదని గిన్నిస్ వాళ్లు గుర్తించారు. చెన్నైది దానిముందు చిన్నది. కానీ 2023 ఆగస్టులో ఆసియన్ చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్‌కి నేను అక్కడున్నాను. మలేషియాతో సగం ఆటకి 1-3తో వెనకబడి 4-3తో గెలిచాం. మూడో క్వార్టర్ చివర్లో వెంటవెంటనే రెండు గోల్స్ పడి సమానమైనప్పుడు, నా పక్కనున్న తమిళ పెద్దాయన నన్ను వాటేసుకున్నాడు. ఆయన భాష నాకు సగమే వచ్చు, నా భాష ఆయనకి అసలు రాదు. రూర్కెలాలో నీ స్నేహితుడికి అలాంటిదే ఇంకేదో దొరికి ఉంటుంది. ఏది పెద్దదని అడగకు. నీకు అక్కడ ఏం జరిగింది, ఎక్కడ కూర్చున్నావు, ఏం కనిపించింది అని అడుగు. మాటలు వాటంతట అవే వస్తాయి.

ప్రయాణం సంగతి త్వరగా చెప్పేస్తాను. బస్సయితే మాధవరంలో దింపుతారు, అక్కడి నుంచి ఎగ్మోర్ దూరమే. రైలయితే సెంట్రల్‌లో దిగి ఆటో ఎక్కితే దగ్గర. 2023లో మనవాళ్ల మ్యాచ్‌లు రాత్రి ఎనిమిదిన్నరకు పెట్టారు. అలాగే ఉంటే ఆ రాత్రి తిరుపతి చేరాలని పరుగులు పెట్టొద్దు. ఆఖరి క్వార్టర్ వదిలేసి లేచి వచ్చేవాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. రాత్రికి గది తీసుకుని పొద్దున బయలుదేరుదాం. మీ అత్త పులిహోర కట్టిస్తుంది, రైల్లో తినేద్దాం.

కారులో వెళ్దామని నువ్వు అంటావు, తెలుసు. కారులో అయితే మీ ముగ్గురు, నేను ఎక్కితేనే ఇరుకు, ఆ బైరాగిపట్టెడ కుర్రాడికి సరిగ్గా చోటుండదు. అందుకే రైలు. బైరాగిపట్టెడకి ఫోన్ చెయ్యి. సారీ చెప్పలేకపోతే చెప్పొద్దు, టికెట్ తీస్తున్నాను వస్తావా అని మాత్రం అడుగు. అతను ఔనంటే నాకు వెంటనే చెప్పు. ముందురోజు సాయంత్రానికి తిరుపతిలో ఉంటాను. నోటుబుక్కులు నేను తెస్తాను, మీ ఇద్దరికీ చెరొకటి.

ఇట్లు,
మీ మామ