మైనస్ 9 సైట్ ఉంటే నార్మల్ డెలివరీ వద్దా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. మాది గుంటూరు బ్రాడీపేట. ఇప్పుడు ఏడో నెల. చిన్నప్పటి నుంచి సైట్ ఉంది, రెండు కళ్లకూ మైనస్ 9. కాన్పులో గట్టిగా ముక్కితే కంటి నరాలు తెగి చూపు పోతుందని, ముందే మంచిరోజు చూసి సిజేరియన్ చేయించుకోమని మా అత్తయ్యగారు అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ భయం వదిలేయండమ్మా. సైట్ ఎక్కువన్న ఒక్క కారణంతో సిజేరియన్ అక్కర్లేదు. మీ అత్తయ్యగారిని తప్పుపట్టలేం. ఒకప్పుడు డాక్టర్లే ఈ మాట చెప్పేవారు, ఇప్పటికీ కొందరు చెబుతున్నారు. కానీ మీలా ఎక్కువ సైట్ ఉన్న తల్లుల కళ్లను కాన్పుకు ముందూ తర్వాతా పరీక్షించిన అధ్యయనాల్లో, నార్మల్ డెలివరీ వల్ల రెటీనా (కంటి లోపల వెనక వైపున చూపునిచ్చే పొర) దెబ్బతిన్నట్టు కనిపించలేదు.

సైట్ బాగా ఉన్న కన్ను మామూలు కంటే పొడవుగా ఉంటుంది. దాంతో లోపలి రెటీనా పొర సాగి, అంచుల్లో పలచబడుతుంది. కంటిని నింపి ఉండే విట్రియస్ అనే జిగట పదార్థం ఆ పలచని చోట పొరను లాగితే చిరుగు పడుతుంది. అందులోంచి నీరు వెనక్కి చేరితే రెటీనా ఊడుతుంది. ముక్కినప్పుడు కంట్లో ఒత్తిడి కాసేపు పెరిగి, మళ్లీ తగ్గిపోతుంది. దానివల్ల పొరను లాగడం జరగదు.

అయితే మైనస్ 6 దాటినవారికి, గర్భంతో ఉన్నా లేకున్నా, రెటీనా ఊడే ముప్పు ఇతరుల కంటే ఎక్కువే. అందుకే ఈ నెలలోనే రెటీనా పరీక్ష చేయించుకోండి. మీకు పెదకాకానిలోని శంకర కంటి ఆసుపత్రి దగ్గరే, తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ వారిది కూడా ఉంది. గర్భిణినని ముందే చెప్పండి. కనుపాప పెద్దదయ్యే చుక్కలు వేశాక ముక్కు పక్కన కంటి మూలను రెండు నిమిషాలు నొక్కి ఉంచితే మందు ఒంట్లోకి చేరడం తగ్గుతుంది. పొరలో పలచని మచ్చలున్నంత మాత్రాన అందరికీ లేజర్ అవసరం ఉండదు. చిరుగు ఉంటే మాత్రం దాని చుట్టూ లేజర్ వేస్తారు. మత్తు ఇంజెక్షన్ లేకుండా, చుక్కలతోనే అయిపోతుంది, గర్భంలోనూ వేయించుకోవచ్చు. ‘నార్మల్ డెలివరీకి కంటి తరఫున అభ్యంతరం లేదు’ అని డాక్టర్‌తో రాయించుకుని మీ గైనకాలజిస్ట్ ఫైల్‌లో పెట్టించండి. ఇంట్లో వాదనకు కూడా ఆ కాగితం పనికొస్తుంది! ఇక బిడ్డ అడ్డం తిరగడం లాంటి కారణాలతో సిజేరియన్ అవసరమైతే అది వేరే సంగతి.

కళ్ల ముందు మెరుపులు, ఒక్కసారిగా నల్ల చుక్కలు పెరగడం, ఒక పక్క తెర దించినట్టు చూపు మూసుకుపోవడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారే దాకా ఆగొద్దు. మెరుపులు, మసకతో పాటు తలనొప్పి, ముఖం వాపు ఉంటే అది బీపీ కావచ్చు. అప్పుడు కంటి డాక్టర్ దగ్గరికి కాదు, నేరుగా మీ కాన్పు ఆసుపత్రికే వెళ్లండి. రాత్రయినా సరే, 108కి ఫోన్ చేయండి.

గర్భంలో ఒంటికి నీరు పట్టి పవర్ కొంచెం మారొచ్చు. కొత్త అద్దాలు కాన్పయ్యాక కొన్ని వారాలు ఆగి తీసుకోండి. లేజర్‌తో సైట్ తీయించుకోవాలనుకుంటే పాలు మాన్పించాక చూడొచ్చు. లేబర్ రూమ్‌లోకి కాంటాక్ట్ లెన్సులతో వెళ్లకండి, అద్దాలు వెంట ఉంచుకోండి. పుట్టగానే బిడ్డ ముఖం స్పష్టంగా చూసుకోవాలి కదా.