వోల్టులు చూసి ట్రిమ్మర్ కొనకండి

మీరు అడిగినవి మూడు. డల్లాస్ ఉత్తర శివారులో కొత్తగా కొన్న ఇంటికి, తిరిగే నైలాన్ దారంతో లాన్ అంచుల గడ్డి కోసే ట్రిమ్మర్ 18 వోల్టుల బ్యాటరీది చాలుతుందా, 40 లేదా 56 కావాలా? అసలు పెట్రోలుదే మేలా? అలాంటిదే ఇంకొకటి కొని తెనాలిలో నాన్నగారి పెరటికి తీసుకెళ్ళవచ్చా? నేనూ ఈ చుట్టుపక్కలే ఉంటున్నాను. లాన్ పని ఎవరికీ అప్పగించకుండా నేనే చేసుకుంటాను. పెట్రోలు ట్రిమ్మర్‌తో మొదలుపెట్టి చిన్న బ్యాటరీది, పెద్ద బ్యాటరీది అన్నీ వాడాను కాబట్టి చెబుతున్నాను.

పెట్రోలు సంగతి ముందే తేల్చేద్దాం. మీకు వద్దు. ఎకరాల లెక్కన స్థలం ఉన్నవారికీ, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇల్లిల్లూ తిరిగి గడ్డి కోసేవారికీ అది ఇప్పటికీ పనికొచ్చేదే. మనవంటి వారికి దానితో ఇబ్బంది కోసేటప్పుడు రాదు, నవంబరులో గరాజ్ మూలన పెట్టి మార్చిలో బయటికి తీసినప్పుడు వస్తుంది. ట్యాంకులో మిగిలిపోయిన ఇథనాల్ కలిసిన పెట్రోలు పాడై కార్బురేటర్‌లో బంకలా పేరుకుంటుంది. తాడు ఎంత లాగినా ఇంజన్ పలకదు, మీ భుజం మాత్రం పలుకుతుంది. కాలిఫోర్నియాలో 2021లో చేసిన చట్టం వల్ల, 2024 నుంచి కొత్తగా తయారయ్యే పెట్రోలు ట్రిమ్మర్లను అమ్మడానికే వీలు లేదు. టెక్సాస్‌లో అలాంటి నిషేధం లేదు. నేను వద్దంటున్నది చట్టానికి భయపడి కాదు, ఆదివారం ఉదయం కార్బురేటర్ శుభ్రం చేస్తూ కూర్చోవడం ఇష్టం లేక.

ఇక వోల్టులు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే ఆ అంకెలో సగం ప్రచారమే. లిథియం బ్యాటరీలో ఒక్కో సెల్ మామూలుగా 3.6 వోల్టులు ఇస్తుంది, ఛార్జింగ్ నిండిన వెంటనే అయితే 4 దాటుతుంది. అయిదు సెల్‌లను వరుసగా కలిపిన బ్యాటరీని ఒక కంపెనీ 18 అంటుంది, ఇంకొకటి 20 మ్యాక్స్ అంటుంది. రెండూ ఒకటే. 40 అని రాసేది పది సెల్‌లది, నిజానికి 36. 56 అనేది పద్నాలుగు సెల్‌లది, మామూలు లెక్కలో 50 చిల్లర. ఎంతసేపు నడుస్తుందో చెప్పేది వోల్టులు కాదు, వాట్-అవర్లు. వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణిస్తే అవి వస్తాయి. 18 వోల్టుల 5 ఆంపియర్-అవర్ల బ్యాటరీలోనూ, 36 వోల్టుల 2.5 ఆంపియర్-అవర్ల బ్యాటరీలోనూ ఉన్నది అదే 90 వాట్-అవర్లు. పెట్టె మీద రాసే నిమిషాల లెక్క సాధారణంగా తక్కువ వేగంలో తీసినది, దాన్ని నమ్ముకోకండి.

అలాగని వోల్టులకు అర్థమే లేదని కాదు. అదే శక్తిని తక్కువ కరెంటుతో మోటారుకు అందించవచ్చు కాబట్టి, మందపాటి దారాన్ని తిప్పగల బలమైన మోటార్లు 40, 56 వరుసల్లోనే ఎక్కువగా దొరుకుతాయి. మీ లాన్‌లో ఉండేది దాదాపు ఖాయంగా బెర్ముడా గడ్డి, అంటే వినాయక చవితికి మనం కోసే గరికే. వారం వారం అంచులు సరిచేస్తూ ఉంటే దానికి 18 వోల్టులది చాలు. వేసవి సెలవులకు ఇండియా వెళ్ళి వచ్చాక ఫెన్స్ పక్కన మోకాలెత్తు లేచిన జాన్సన్ గడ్డి దగ్గర మాత్రం అది విసిగిస్తుంది. ఇక్కడ గడ్డి విషయంలో ఊరివారూ ఊరుకోరు. డల్లాస్ నగరంలో 12 అంగుళాలు దాటితే నోటీసు వస్తుంది, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) వారికి అంతదాకా ఆగే ఓపిక కూడా ఉండదు.

నన్నడిగితే వోల్టుల కన్నా ముందు చూడవలసింది ట్రిమ్మర్ వెనక వచ్చే కుటుంబం. పెళ్ళి సంబంధం లాంటిదే ఇది: అబ్బాయి ఒక్కడే నచ్చితే సరిపోదు. ఒక కంపెనీ బ్యాటరీ ఇంకొక కంపెనీ పనిముట్టుకు పట్టదు. ఒకే కంపెనీలో కూడా, రయోబి 18 వోల్టుల బ్యాటరీ దాని 40 వోల్టుల పనిముట్లకు పట్టదు. మీరు పెట్టే డబ్బులో పెద్ద వాటా బ్యాటరీకీ ఛార్జర్‌కే పోతుంది కాబట్టి, ఈరోజు కొన్న బ్యాటరీయే రేపు మీరు కొనే, లాన్ అంతా కోసే మోవర్‌నూ, ఆకులు ఊదే బ్లోయర్‌నూ నిర్ణయిస్తుంది. ఇంట్లో ఇప్పటికే 18 వోల్టుల డ్రిల్లు, రెండు మంచి బ్యాటరీలు ఉంటే ఇంకేమీ ఆలోచించకండి, అదే కంపెనీలో బ్యాటరీ లేకుండా విడిగా అమ్మే ట్రిమ్మర్ తీసుకోండి. చేతిలో ఏమీ లేకపోతే, మోవర్ కూడా కొనవలసిందే అయితే, 40 లేదా 56 వరుసలో మోవర్, ట్రిమ్మర్ కలిపి అమ్మే జత చూడండి. రయోబి హోమ్ డిపోలో, ఈగో లోస్‌లో దొరుకుతాయి. రెండు దుకాణాలకూ వెళ్ళి చేతిలో పట్టుకుని చూడండి. ప్రదర్శనకు పెట్టినవాటికి చాలాసార్లు బ్యాటరీ ఉండదు, అప్పుడు బరువంతా ముందుకు వాలినట్టు ఉంటుంది. అడిగి బ్యాటరీ తగిలించి చూస్తేనే తూకం తెలుస్తుంది. 18 వోల్టులది అంతా కలిపి సుమారు మూడు కిలోలు, 56 వోల్టులది నాలుగైదు. ఇంట్లో పెద్దవారో, ఎత్తు తక్కువ ఉన్నవారో కూడా వాడేట్లయితే ఆ తేడా చిన్నది కాదు.

దుకాణంలో అమ్మేవారు అంతగా చెప్పనిది, రోజువారీ వాడకంలో మీ ప్రాణం తీసేది, దారం వచ్చే తల. నేలకు తట్టితే దారం వచ్చేది నాకు నచ్చుతుంది, ఎంత రావాలో నా చేతిలో ఉంటుంది. దానంతట అదే వదిలే రకం చిన్న ట్రిమ్మర్లలో ఎక్కువ, అవసరం లేకపోయినా వదిలి దారం వృథా చేస్తుంది. బటన్ నొక్కితే దారాన్ని లోపలికి చుట్టుకునే తలలు వచ్చాక ఎక్కించే తలనొప్పి పోయింది. దానికోసం కొంచెం ఎక్కువ పెట్టినా నష్టం లేదు. మందం మూడు రకాలు గుర్తుంచుకోండి: 0.065, 0.080, 0.095 అంగుళాలు. మాన్యువల్‌లో చెప్పిన దానికన్నా మందంగా వేస్తే మోటారు మీద భారం పడుతుంది, బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. దారం మాటిమాటికీ తెగుతుంటే కంపెనీని తిట్టే ముందు ఆ చుట్టను ఒక రాత్రి నీళ్ళలో వేసి ఉంచండి. నైలాన్ ఎండిపోతే పెళుసుబారుతుంది, తేమ పీల్చుకుంటే మళ్ళీ సాగుతుంది. మన గరాజ్ ఎండకు ఇది తప్పదు.

కోసేటప్పుడు కోసేది దారం కొస మాత్రమే. తలను గడ్డిలోకి దూర్చితే దారం మధ్యలో చుట్టుకుని ఆగిపోతుంది. కొస తాకేటంత దూరంలో ఉంచి, నిదానంగా పక్కలకు ఊపుతూ నడవండి. తల ఏ వైపు తిరుగుతుందో చూసుకుని, చెత్త మీ కాళ్ళ మీదికి కాకుండా అవతలికి ఎగిరే పక్కతో కోయండి. చాలా పనికి సగం వేగం చాలు, ట్రిగ్గర్ పూర్తిగా నొక్కడం ఎత్తయిన గడ్డికే. నేను ముందు ట్రిమ్మర్, తరువాత మోవర్ పట్టుకుంటాను, రాలిన గడ్డిని మోవరే ఎత్తేస్తుంది. కాలిబాట మీదికి పాకే గరికను మొదటిసారి ఎడ్జర్ (లాన్ అంచును నిలువుగా కోసే యంత్రం) బ్లేడుతో లోతుగా కోసి గీత తెచ్చుకోండి. తరువాత ట్రిమ్మర్‌ను నిలువుగా తిప్పి అదే గీతను నిలబెట్టుకోవచ్చు. కర్ర మధ్యలో విడదీసి ఎడ్జర్, కొమ్మలు కోసే రంపం వంటివి తగిలించే రకం కొంటే ఇక్కడ కలిసివస్తుంది.

ఈ యంత్రం పుట్టింది టెక్సాస్‌లోనే. హ్యూస్టన్‌లో జార్జ్ బాలస్ అనే ఆయన 1971లో కార్లు కడిగే చోట తిరిగే బ్రష్షులను చూసి, పాప్‌కార్న్ డబ్బాకు గాలం దారం కట్టి ఎడ్జర్‌కు తగిలించి తిప్పాడు. తన చెట్ల బెరడు దెబ్బ తినకుండా మొదళ్ళ చుట్టూ గడ్డి తీయాలన్నది ఆయన ఆలోచన. మా వీధిలో చూస్తే, లేత చెట్ల బెరడును ఎక్కువగా చెక్కేస్తున్నది ఇదే ట్రిమ్మర్. బిల్డరు నాటి వెళ్ళిన లేత ఓక్ మొక్క మొదలుకు దారం చుట్టూ తగిలితే బెరడు వలయంలా ఊడిపోతుంది. ఆకుల నుంచి వేళ్ళకు ఆహారం వెళ్ళే దారి అదే, తెగితే చెట్టు క్రమంగా చస్తుంది. చెట్టు చుట్టూ రెండు అడుగుల మేర గడ్డి తీసేసి మల్చ్ (చెక్క పొట్టు) పోయండి, అసలు అక్కడ ట్రిమ్మర్ పనే ఉండదు. ఏసీ బయటి యూనిట్ దగ్గరా అదే జాగ్రత్త: గొట్టం మీది నల్ల స్పాంజినీ, పక్కనే వెళ్ళే సన్నని తీగనూ దారం సులువుగా కోసేస్తుంది. జూలైలో అది తెగితే ఏమవుతుందో చెప్పనక్కర లేదు.

కళ్ళద్దాలు తప్పనిసరి, మామూలు అద్దాలు కాదు, జెడ్87 (Z87, అమెరికాలో రక్షణ కళ్ళద్దాల ప్రమాణం) అని ముద్ర ఉన్నవి. నిండు ప్యాంటు, బూట్లు. చెప్పులతో కోసేవారిని మన వాళ్ళలోనే ఎక్కువగా చూస్తున్నాను, రాయి ఎగిరి కాలి ఎముకకు తగిలితే తెలుస్తుంది. మట్టి కుప్పలా కనిపించేది ఫైర్ యాంట్ల (మంట పుట్టేలా కుట్టే చీమల) పుట్ట కావచ్చు, దాన్ని కదిలించకండి. ఫెన్స్ మీద పాకే మూడేసి ఆకుల తీగ పాయిజన్ ఐవీ అయితే ట్రిమ్మర్ అసలు తగిలించవద్దు. దాని రసం తుంపరలుగా ఒంటి మీద పడి దద్దుర్లు లేస్తాయి.

బ్యాటరీని గరాజ్‌లో వదలకండి. లిథియం బ్యాటరీ ఆయుష్షు తినేసేది వేడి, మన గరాజ్ వేసవిలో 40 డిగ్రీలు దాటుతుంది. ఇంట్లోకి తెచ్చి, చల్లారాక ఛార్జింగ్ పెట్టండి. చలికాలం వాడని నెలల్లో సగం ఛార్జింగ్‌తో ఉంచండి. సున్నా డిగ్రీల కింద ఛార్జింగ్ పెట్టవద్దు.

తెనాలి విషయం. తీసుకెళ్ళవద్దని నా సలహా. విమానంలో విడి లిథియం బ్యాటరీ చేతి సంచీలోనే ఉండాలి. 100 వాట్-అవర్ల దాకా ఇబ్బంది లేదు, 160 దాకా ఎయిర్‌లైన్స్ అనుమతి కావాలి, ఆపైన కుదరదు. 56 వోల్టుల చిన్న బ్యాటరీయే 126 దాకా ఉంటుంది. బ్యాటరీ దాటించినా, ఇక్కడి ఛార్జర్లు చాలావరకు 120 వోల్టులకే చేసినవి, అక్కడి 230 వోల్టుల ప్లగ్గులో పెడితే కాలిపోతాయి. ఛార్జర్ వెనక ఇన్‌పుట్ 100 నుంచి 240 అని ఉంటే తప్ప ఆ మాట తలపెట్టకండి. పాడైతే బాగుచేసేవారు, బ్యాటరీ మార్చేవారు అక్కడ దొరకడమూ కష్టమే.

అక్కడే కొంటే, ఆన్‌లైన్‌లో 48, 88 వోల్టులని రాసి చవకగా అమ్మే వాటితో జాగ్రత్త. లోపల అయిదు సెల్‌లే ఉంటే నిండా ఛార్జింగ్ అయినా 21 వోల్టులే, అట్ట మీద ఎంతైనా రాసుకోవచ్చు. దగ్గర్లో సర్వీస్ సెంటర్ ఉన్న కంపెనీది, కాళ్ళకు అడ్డుగా గట్టి కవచం ఉన్నది చూడండి. ఇంకొక్కటి: పెరట్లో ఉన్నది తుంగ అయితే ట్రిమ్మర్ దాన్ని చంపదు, కింద గడ్డలు ఉన్నంతకాలం మళ్ళీ లేస్తుంది. వయ్యారిభామ అయితే కోయనే కూడదు, పుప్పొడి ఎగిరి ఒంటికీ ఊపిరికీ పడదు. పూత రాకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు చేతికి తొడుగు వేసుకుని వేళ్ళతో సహా పీకించాలి. అంత పనీ నాన్నగారే చేసుకోవడం కష్టం కాబట్టి, బ్రష్ కట్టర్ (ముదురు గడ్డి, పొదలు కోసే యంత్రం) ఉన్న మనిషిని అప్పుడప్పుడు పిలిపించి, పీకవలసినవి పీకించి, మిగతా గడ్డి కోయించడం మేలు.