దొరకని పేర్ల సంగతి రాయి

చిరంజీవికి,

నీ నవల మొదటి అధ్యాయం చదివాను. బబులోను రాజు బందీలుగా పట్టుకుపోయిన చెర నుంచి యెరూషలేముకు తిరిగొచ్చిన యూదులు వంశావళుల్ని ఎంత జాగ్రత్తగా కాపాడుకున్నారో మూడు పేజీల నిండా చెప్పావు. పేర్ల మీద పేర్లుండే మత్తయి సువార్త మొదటి అధ్యాయం చర్చిలో చదువుతుంటే వెనక బెంచీల్లో ఆవులింతలు వస్తాయి కదా, నీ మూడు పేజీలకీ అదే గతి. ఆ వంశావళిలో పేరు లేకపోతే ఆ మనిషికి ఏం పోతుందో ఎక్కడా చెప్పలేదు మరి.

బైబిల్లో ఎజ్రా గ్రంథం రెండో అధ్యాయం మళ్లీ తీయి. వచ్చినవాళ్లు 42,360 మంది, గుర్రాలు 736, గాడిదలు 6,720. గాడిదల్ని కూడా వదలకుండా లెక్క రాసిన చోటే ఇంకో మాట ఉంది. హబాయా, హక్కోజు, బర్జిల్లయి వంశాల వాళ్లు వంశావళిలో తమ పేర్లు వెతుక్కున్నారు, దొరకలేదు. వెంటనే యాజకత్వం నుంచి, అంటే ఆలయ పూజారి పని నుంచి తప్పించారు. దేవుడి నిర్ణయం తెలుసుకునే ఊరీము తుమ్మీము ధరించిన యాజకుడు వచ్చేదాకా అతిపరిశుద్ధమైన ఆహారం ముట్టొద్దని అధికారి ఆజ్ఞ. ఇక్కడ ఆగు. ధర్మశాస్త్రం ప్రకారం యాజకులకు భూమిలో వాటా లేదు, అర్పణల్లో వచ్చే భాగమే జీవనం. అంటే పేరుతో పాటు కూడూ పోయింది. మిగతా యాజకులు తింటుంటే బయట నిలబడ్డ కొడుకు తండ్రిని ఏమడుగుతాడు? అది రాయి.

బర్జిల్లయి వాళ్ల కథ మరీ బాగుంటుంది. వాళ్ల పూర్వికుడు గిలాదువాడైన బర్జిల్లయి కూతుర్ని చేసుకుని మామగారి పేరే పెట్టుకున్నాడు. మన ఇల్లరికపు అల్లుడు గుర్తురావట్లేదూ! పేరు గల్లంతవడానికి అదే కారణమని గ్రంథం అనదు. నవల రాసేవాడివి, నువ్వు అనొచ్చు.

ఒక జాగ్రత్త. యాజకుల పెళ్లిళ్ల వివరాలు ఐగుప్తు (ఈజిప్టు), బబులోనుల నుంచి యెరూషలేముకు రాసి పంపేవారని, యుద్ధాల తర్వాత మిగిలిన యాజకులు పాత దస్తావేజులు చూసి కొత్తవి రాసేవారని చెప్పింది యూదు చరిత్రకారుడు జోసెఫస్. ఆయన క్రీ.శ. మొదటి శతాబ్దం మనిషి, పైగా యాజక వంశంవాడు, కాస్త గొప్పలు పోతాడు. వంశంలో లోపం తేలినవాడు నల్లబట్టలు కట్టుకుని వెళ్లిపోయేవాడని, లోపం లేనివాడు తెల్లబట్టలతో లోపలికి వెళ్లి సేవ చేసేవాడని చెప్పేది యూదుల ధర్మ నియమాల సంకలనం మిష్నా. అది కూర్చింది క్రీ.శ. 200 ప్రాంతంలో. ఈ రెండూ ఎంత ఊరించినా, వందల ఏళ్ల ముందటి ఎజ్రా కాలంలోకి లాక్కురాకు.

ఇంకో సంగతి నీ కంటపడలేదనుకుంటా. బైబిల్లోనే నెహెమ్యా గ్రంథం మూడో అధ్యాయంలో యెరూషలేము గోడ బాగుచేసినవాళ్లలో హక్కోజు వంశంలోని ఊరియా కొడుకు మెరేమోతు రెండు చోట్ల కనిపిస్తాడు. ఎజ్రా ఎనిమిదిలో, ఆలయానికి తెచ్చిన వెండి బంగారాలు తూచి అప్పగించింది ఊరియా కొడుకైన మెరేమోతు అనే యాజకుడికే. ఇద్దరూ ఒక్కరే అనుకుంటే, వెలివేసిన కుటుంబం మళ్లీ లోపలికొచ్చిందన్నమాట. ఎవరు సాక్ష్యం చెప్పారు? ఏ మూల ఏ గ్రంథపు చుట్ట దొరికింది? నీ నవలంతా ఇందులోనే ఉంది. ఆ మూడు పేజీలూ కొట్టేసి, ఇది రాసి పంపు.

ఆశీస్సులతో.