దేవుడు మంచివాడైతే పసిపిల్లలెందుకు పోతారు? మా అక్క అడిగిన ప్రశ్న కూడా ఇదే

"దేవుడు మంచివాడు, సర్వశక్తిమంతుడు అయితే పసిపిల్లలు ఎందుకు చనిపోతున్నారు, క్రైస్తవులు దీనికేమంటారు?" అని అడిగారు. మాది చిత్తూరు, మూడు తరాలుగా క్రైస్తవులం.

మా అక్క కూతురు ఆరేళ్లకే డెంగీతో పోయింది. ప్లేట్‌లెట్ల కోసం తిరిగిన ఆ రాత్రి గురించి రాయలేను. ఆదరణ కూడికలో ఒక పెద్దాయన మైకు పట్టుకుని, "ప్రభువు తన తోటకు మంచి పువ్వును కోసుకున్నాడమ్మా" అన్నాడు. అక్క లేచి నిలబడి, "నాకుండేది ఆ ఒక్కటే అయ్యా, ఆయన తోటలో పూలు లేవా?" అని అడిగింది. షామియానా కింద ఎవరూ కదల్లేదు. ఆయన మాత్రం ఇంకో ముప్పావుగంట చెప్పాడు. అసలు చావింట్లో మైకు ఎందుకు? గేటుకు పాస్టర్ల ఫొటోలతో ఫ్లెక్సీ ఎందుకు?

పక్కవీధి అవ్వ ఒకామె వారం రోజులు పొద్దున్నే సంగటి, ఊరిబిండి తెచ్చేది. అక్కకు రెండు ముద్దలు తినిపించి, తల దువ్వి జడేసి, గోడకానుకుని కూర్చునేది. వాక్యం ఒక్కటీ చెప్పలేదు.

బైబిల్లో, పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న నీతిమంతుడు యోబు దగ్గరికొచ్చిన ముగ్గురు స్నేహితులూ మొదటి ఏడు రోజులు అలాగే నేలమీద మౌనంగా కూర్చున్నారు. తర్వాత నోరు తెరిచి, నీ పాపమే కారణమన్నారు. చివరికి దేవుడు యోబును నిలదీశాడు గానీ, కోపం రగిలింది ఆ ముగ్గురి మీదే. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి ఎవరి పాపమని శిష్యులడిగితే, వాడిదీ కాదు, తల్లిదండ్రులదీ కాదన్నాడు యేసు. చనిపోయిన స్నేహితుడు లాజరును బతికించి లేపబోతూ కూడా ఏడ్చాడు.

చెడు అంటే మంచి లేకపోవడమేనని పాతకాలపు క్రైస్తవ పండితుడు అగస్టీను అన్నాడు. మనిషికి స్వేచ్ఛ ఇచ్చాక చెడుకూ తావుంటుందని అమెరికా క్రైస్తవ తత్వవేత్త ప్లాంటింగా 1974లో వాదించాడు. హత్యకు, యుద్ధానికి ఆ మాట సరిపోతుందేమో, దోమకు ఏ స్వేచ్ఛ ఉంది? నాకైతే మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రే మెరుగైన జవాబు. 1943లో క్షయను నయం చేసే స్ట్రెప్టోమైసిన్ మందు కనుక్కోకముందే, క్షయకు మందే లేని రోజుల్లో, మిషన్లు కలిసి అక్కడ రోగులకు మంచాలు వేశాయి.

అక్క ఇప్పటికీ ప్రార్థనలో "ఎందుకు?" అనే అడుగుతుంది. సిలువమీద యేసు అడిగిందీ అదే. అలా అడగకూడదని చెప్పేవాళ్లు మా ఇంటికి రావద్దు.